రక్తం అందని చోటు

అక్క తలను బావ వంటింటి బండకేసి కొట్టడం నాగజ్యోతి కళ్లారా చూసింది. అప్పటికి ఆమెకు ఏ జబ్బూ లేదు.

అది ధర్మవరంలో, బావ కిరణ్ ఇంట్లో జరిగింది. అక్క కూతురికి జ్వరమొస్తే సాయంగా ఉండడానికి పోయింది. మధ్యాహ్నం అంగడి నుంచి భోజనానికొచ్చిన కిరణ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తట్ట పక్కకు జరిపి, లేచి వంటింట్లోకి పోయాడు. గొంతు పెంచి ఒక్క మాట అనలేదు. అక్క అమృత జుట్టు పట్టుకుని తలను నల్లబండకేసి కొట్టాడు. ఆమె కూడా అరవలేదు. తర్వాత చేయి కడుక్కుని వచ్చి కూర్చుని, "మజ్జిగ పొయ్యి" అన్నాడు. గడప దగ్గర నీళ్ల చెంబుతో నిలబడిపోయిన మరదలిని చూసి నవ్వాడు.

"ఏం జ్యోతీ, అట్లే నిలబడినావే? కూర్చో, తిను."

అతను అంగడికి పోయినాక అమృత చెవి వెనక వాపు మీద ఐసు గడ్డ అదుముకుంటూ చెల్లెల్ని దగ్గరికి పిలిచింది. జ్వరంతో పడుకున్న పాప తల మీద చెల్లెలి చెయ్యి పెట్టించింది.

"నాయనకు చెప్పనని ఒట్టెయ్యి."

"ఎన్నాళ్లనుంచి కొడ్తాండాడు అక్కా?"

"ఒట్టెయ్యే ముందు."

నాగజ్యోతి ఒట్టేసింది.

వాళ్ల నాయన గంగాధరప్పది పెనుకొండ దగ్గర ఒక పల్లె. బోరు కింద మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, మెట్టలో వేరుశనగ. మాటకు విలువున్న మనిషి. చుట్టుపక్కల తగువులు ఆయన అరుగు మీదికే వస్తాయి. కొడుకుల్లేరు. పట్టుచీరల అంగడి ఉన్న కిరణ్ పెద్దల్లుడుగా వచ్చినాక ఆ లోటు తీరిందని నలుగురిలో చెప్పుకునేవాడు. కిరణ్ కూడా మామ ఊరికొస్తే చెప్పులు బయటే విడిచి, కాళ్లకు మొక్కి, షెడ్డులో ఆకు వెయ్యడానికి చేయి కలిపేవాడు. అత్త నీలావతి అల్లుడి కోసం వేడివేడిగా ఓళిగలు కాల్చేది. ఆ మనిషి గురించి ఏం చెప్పినా ఆ ఇంట్లో నమ్మే చెవి లేదని నాగజ్యోతికి తెలుసు. ఒట్టు ఒక సాకు కూడా అయింది.

ఆమె ఎమ్మెస్సీ చదివి హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేది. పొద్దున పెనుకొండలో రైలెక్కి పోయి సాయంత్రానికి వచ్చేది. ఆ ఎండాకాలం ముఖం మీద ముక్కుకు రెండు పక్కలా ఎర్రగా కమిలింది. ఎండ అనుకున్నారు. వేళ్ల కణుపులు పట్టేసి చాక్‌పీసు పట్టుకోలేకపోయింది. దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చేవి. హిందూపురంలో డాక్టరు రక్తపరీక్షలు చేయించి లూపస్ అని చెప్పాడు.

"ఒంట్లో రోగాలతో కొట్లాడాల్సిన శక్తి మన ఒంటి మీదికే తిరగబడుతుందమ్మా. కీళ్లు, చర్మం, కిడ్నీలు, మెదడు, దేన్నైనా పట్టుకోవచ్చు. మాత్రలు మానొద్దు" అన్నాడు.

మాత్రలు మింగుతూ ఆమె రైలెక్కుతూనే ఉంది. చలికాలం వచ్చేసరికి కొత్త బాధ మొదలైంది. తల పగిలేంత నొప్పి. బోర్డు మీద సగం రాసిన లెక్క ఎందుకు రాస్తున్నదో తెలిసేది కాదు. పిల్లలు నవ్వేవాళ్లు. ఒకరోజు హిందూపురం స్టేషన్లో కూర్చుని తన ఊరి పేరు గుర్తురాక ఏడ్చింది. తర్వాత గొంతులు మొదలయ్యాయి. రైలు ఫ్యానులో మనుషులు కూర్చుని తన గురించే మాట్లాడుకుంటున్నారని ఆమెకు వినిపించేది. ఇంట్లో చెప్తే నీలావతి, "నిద్ర చాలక" అని కొట్టేసేది.

ధర్మవరంలో కిరణ్ కొత్త మేడ కట్టించి గృహప్రవేశం పెట్టుకున్నాడు. బంధువులంతా వచ్చారు. హోమం దగ్గర కిరణ్, అమృత పీటల మీద కూర్చుని ఉంటే, నాగజ్యోతి లేచి నిలబడింది. జుట్టు విడిపోయి ఉంది. ముఖం మంటలా ఉంది.

"ఆ నీళ్లు తాగొద్దండి! ట్యాంకిలో రక్తం కలిపినారు! ఫ్యాన్లో ఉండేటోళ్లు చెప్తాండారు!"

జనం బిత్తరపోయారు. గంగాధరప్ప లేచి వచ్చేలోపే ఆమె వేలు కిరణ్ వైపు చాచింది.

"వీడు అక్కను చంపుతాడు! జుట్టు పట్టుకోని బండకేసి కొడ్తాడు! నేను చూసినా! నా కండ్లతో నేను చూసినా!"

మంత్రాలు ఆగిపోయాయి. అందరి చూపూ అమృత మీదికి పోయింది. పసుపు ముఖం, పెద్దంచు చీర, ఒడిలో పాప. ఆమె ఒక్క క్షణం మొగుడి వైపు చూసింది. ఆ తర్వాత నవ్వింది.

"దానికి జరమొచ్చింది నాయనా. ఏందేందో మాట్లాడ్తాంది. లోపలికి తీస్కపోండి."

నీలావతి చిన్నకూతురి చెంప పగలగొట్టి, రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది. కిరణ్ లేచి అందరికీ చేతులు జోడించి, "మరదలు పిల్లకు ఒంట్లో బాగలేదు. మీరేమీ మనసులో పెట్టుకోవద్దండి" అన్నాడు. పెద్దవాళ్లు ఆ సహనానికి తలలూపారు.

అనంతపురంలో ఎమ్మారై తీయించారు. మెదడులో గడ్డల్లేవు, వాపు లేదు, అంతా మామూలుగా ఉందని రిపోర్టు వచ్చింది. లూపస్ సంగతి డాక్టరు అడగలేదు, వీళ్లు చెప్పలేదు. పెద్ద ఆస్పత్రికి తీసుకుపొమ్మని మాత్రం ఆయన రాసిచ్చాడు. వీళ్లు ఆ మాట పట్టించుకోలేదు. స్కాన్‌లో ఏమీ లేదంటే రెండే అర్థాలు అనుకున్నారు. నాటకమన్నా ఆడుతోంది, లేదా ఏదో పట్టుకుంది.

ఓబులదేవరచెరువు పక్క పల్లెలో గాలి వదిలిస్తాడని పేరున్న ఒకడి దగ్గరికి నీలావతి తీసుకుపోయింది. వాడు నాగజ్యోతిని గుంజకు కట్టించి, ముఖం కింద ఎండుమిరపకాయల పొగ పెట్టాడు. జువ్వికొమ్మతో భుజాల మీద కొట్టాడు. లూపస్‌తో వాచిన కీళ్ల మీద తాడు బిగిసినచోట చర్మం లేచిపోయింది. "ఎవురే నువ్వు? చెప్పు! అల్లుని మింద ఎందుకు పడినావు?" అని వాడు అడిగినప్పుడల్లా ఆమె దగ్గుతూ ఒకటే మాట చెప్పింది.

"నేను చూసినా."

గంగాధరప్ప బయట చింతచెట్టు కింద బీడీ తాగుతూ కూర్చున్నాడు. లోపలికి రాలేదు. ఆపమనీ చెప్పలేదు.

ఇంటికొచ్చినాక ఆమెకు ఫిట్సు వచ్చాయి. నోట్లో నురగ, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం చూసి అందరూ భయపడ్డారు. అప్పుడు కిరణే కారు తెచ్చాడు. తనే నడుపుకుంటూ బెంగళూరులో పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు. దారి పొడుగునా అత్తకు ధైర్యం చెప్పాడు.

అక్కడి డాక్టరమ్మ కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేది. పాత కాగితాలన్నీ అడిగింది. లూపస్ అన్న మాట చూడగానే పిల్లను పరీక్షించి, భుజాల మీద దెబ్బలు చూపించి, "ఇవేంటి?" అంది. నీలావతి దుప్పటి లాగి బిడ్డ భుజాలు కప్పింది. ఆమె మళ్లీ అడగలేదు కానీ ఆ రోజంతా నీలావతి ముఖం చూడలేదు. వెన్నులోంచి నీరు తీయించింది, రక్తం పంపించింది. ఆ తర్వాత మెదడుకు రక్తం ఎట్లా పోతోందో చూసే స్కాన్ చేయించింది.

నాగజ్యోతిని మసక వెలుతురున్న గదిలో పడుకోబెట్టి చేతికి సూది గుచ్చి ఉంచారు. కళ్లు మూసుకోమన్నారు, మాట్లాడొద్దన్నారు. మెదడు నెమ్మదిగా ఉన్నప్పుడు నరంలోకి కొంచెం మందు వదులుతామనీ, రక్తం ఎక్కడికి పోతే ఆ మందు అక్కడికి పోయి నిలబడుతుందనీ, దాన్ని మిషను పట్టుకుంటుందనీ నర్సు చెప్పింది. ఆమెకు అందులో సగమే ఎక్కింది. తలలో ఉన్నది బయట తెర మీద కనపడుతుందని మాత్రం అర్థమైంది. బల్ల మీద పడుకోబెట్టి, రెండు వెడల్పాటి కెమెరా పలకలు ముఖానికి దగ్గరగా చుట్టూ తిరుగుతుంటే, అంతవరకూ ఎవరు పట్టుకున్నా గింజుకున్న పిల్ల రాయిలా కదలకుండా పడుకుంది. వంటిల్లు, నల్లబండ, బావ పిడికిట్లో అక్క జుట్టు, అవన్నీ ఇప్పుడు నాయనకు కనపడతాయనుకుంది.

బయటికి తేగానే అడిగింది. "కనపడిందా నాయనా?"

"కనపడింది తల్లీ, కనపడింది" అన్నాడు గంగాధరప్ప, ఏం చెప్పాలో తెలియక.

ఆమె అన్నాళ్లకు నవ్వింది.

సాయంత్రం డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపించింది. మెదడు అడ్డంగా కోసిన ముక్కల్లా వరసగా ఉన్నాయి. రక్తం బాగా పోయేచోట ఎరుపు, పసుపు. నుదురు వెనకా, పక్కలా అక్కడక్కడ నీలం.

"ఎమ్మారైలో ఏమీ లేదన్నారు కదమ్మా?" అని అడిగాడు గంగాధరప్ప.

"మీకు తోట ఉందా?"

"ఉండాది. మల్బరీ. డ్రిప్పు పెట్టినాము."

"పైపులన్నీ బాగానే ఉన్నాయి, ఎక్కడా పగల్లేదు. కానీ కొన్ని సాళ్లకు నీళ్లు అందట్లేదు. ఎమ్మారై పైపులు చూసింది. ఇది నీళ్లు చూస్తోంది. ఇదొక్కటే చూసి నేను చెప్పట్లేదు. రక్తం, వెన్నునీరు, పిల్ల పరిస్థితి అన్నీ కలిపి చెప్తున్నా. లూపస్ మెదడును పట్టింది. ఇది నాటకం కాదు, దయ్యం కాదు. మందులతో నయం చెయ్యొచ్చు."

నీలావతి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గంగాధరప్ప బిడ్డ భుజాల మీద దెబ్బలు తలచుకుని తల దించుకున్నాడు. కిరణ్ ముందుకు వంగి చాలా వినయంగా అడిగాడు.

"మేడమ్, అయితే ఆ పిల్ల లేనివి ఉన్నట్టు చెప్పేది దీనివల్లనే గదా?"

"అవును, గొంతులు వినిపించడం, అనుమానాలు, ఇవన్నీ దీంట్లో వస్తాయి."

"ఒక ఫోటో తీసుకోవచ్చా? ఇంట్లోవాళ్లకు చూపించి ధైర్యం చెప్పల్ల."

అతను ఫోనులో ఆ నీలాన్ని ఫోటో తీసుకున్నాడు.

ధర్మవరంలో, పెనుకొండలో, పెళ్లిళ్లలో, దినాల్లో కిరణ్ ఆ ఫోటో అందరికీ చూపించాడు. రెండు వేళ్లతో పెద్దది చేసేవాడు. "ఈడ నీలంగా ఉండాదే, ఈడికి రక్తమే పోదంట. నా మింద పడిన మాటలన్నీ ఈడినుంచే వచ్చినాయి. పాపం, ఆ పిల్లనని ఏం లాభం?" చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకునేవాళ్లు. సొంత అన్న అయినా ఇంత చెయ్యడనేవాళ్లు.

నరంలోకి మందులు ఎక్కించారు. ముఖం కుండలా ఉబ్బింది, మిగిలిన జుట్టూ రాలింది. కానీ ఫ్యానులో మనుషులు ఒక్కొక్కరే మాట్లాడడం మానేశారు. అంకెలు తిరిగొచ్చాయి. వేసవి దాటేసరికి ఆమె తన మాటలు తనే గుర్తు తెచ్చుకుని సిగ్గుపడే స్థితికి వచ్చింది. మరోసారి స్కాన్ తీస్తే నీలం చాలావరకు పోయి పసుపు తిరిగొచ్చింది. డాక్టరమ్మ సంతోషపడింది.

ఆ రోజు నాగజ్యోతి నాయనను బయట కూర్చోమని, డాక్టరమ్మను ఒంటరిగా అడిగింది.

"మేడమ్, జబ్బులో నేను శానా మాట్లాడినా. ట్యాంకిలో రక్తమని, ఫ్యాన్లో మనుషులని. అవన్నీ అబద్ధమని ఇప్పుడు తెలుస్తాంది. ఒకటి మాత్రం అబద్ధం కాదు. మా బావ మా అక్కను కొట్టేది. అది నిజమా, నా జబ్బా అనేది ఈ స్కాన్‌లో తెలుస్తుందా?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"తెలీదమ్మా. రక్తం ఎక్కడ తగ్గిందో చెప్తుంది. ఏ మాట నిజమో చెప్పదు. నువ్వది చూసింది జబ్బుకు ముందా?"

"ముందే."

"ఇంకెవరికైనా తెలుసా?"

"మా అక్కకు."

"అయితే అక్కనడుగు. మీ నాయనకు నేను చెప్పేదా?"

"వద్దు మేడమ్. ముందు అక్కనడుగుతా."

కిరణ్ చీరల పని మీద ఊళ్లో లేని రోజు చూసుకుని ఆమె ధర్మవరం పోయింది. అమృత తలుపు తీసి, చెల్లెలు ఒక్కతే వచ్చిందని చూసి భయపడింది. నాగజ్యోతి అక్కకు ఎడమ పక్కన కూర్చుని మాట్లాడితే ఆమె పలకలేదు. ముఖం తిప్పి, "ఈ పక్కకు రా. ఆ చెవి వినపడదు" అంది.

"ఏమాయె చెవికి?"

అమృత పాపను బొమ్మలతో పక్క గదిలోకి పంపింది. తిరిగొచ్చి చీర అంచు నలుపుతూ కూర్చుంది.

"గృహప్రవేశం నాడు నువ్వరిచినావే, జనమంతా పోయినాక తలుపేసినాడు. ఏం చెప్పినావే నీ చెల్లెలికి అని అడిగినాడు. నేను చెప్పలేదన్నా. అరచేత్తో కొట్టినాడు. అప్పటినుంచి ఈ చెవిలో జుయ్ మంటాది, అంతే."

"అయితే నేను చూసింది నిజమే గదక్కా?"

"నిజమే. నిజమైతే ఏం చేస్తావు?"

"నాయనకు చెప్దాం. ఇద్దరం పోదాం పా. పాపనెత్తుకో."

"నువ్వు ఒక్క మాటంటే నాకు ఒక చెవి పోయిందే! ఇంకో మాటంటావా?" అమృత చేతులు జోడించింది. చెల్లెలికి, ఆ ఉబ్బిన ముఖానికి, దేవుడికి మొక్కినట్టు మొక్కింది. "నీకు పుణ్యముంటాది. నువ్వేమీ చూడలేదనుకో. జబ్బు అనుకో. అందరూ అట్లే అనుకుంటాండారు గదా, నువ్వు గూడా అనుకో."

నాగజ్యోతి అనుకోలేకపోయింది. ఆ ఇంట్లోంచి బయటికొచ్చి నేరుగా పోలీస్ స్టేషనుకు పోయింది. తను చూసింది, అక్క చెప్పింది, లెక్క చెప్పినంత వరసగా ఎస్సైకి చెప్పింది. ఎస్సై బాగానే విన్నాడు. నీళ్లిప్పించాడు. మర్నాడు కిరణ్ ఊరికి తిరిగొచ్చినాక రెండు పక్కలవాళ్లనూ, ఆమెనూ పిలిపించాడు.

గంగాధరప్ప పెనుకొండ నుంచి మోటార్‌సైకిలు మీద ఎండకు మాడుతూ వచ్చాడు. కిరణ్, అమృత కారులో వచ్చారు. కిరణ్ కూర్చున్న కుర్చీలోంచి లేచి మామను కూర్చోబెట్టాడు. ఎస్సై అమృతనడిగాడు.

"ఏమ్మా, మీ ఆయన కొడ్తాడా?"

అమృత కుడి చెవి ఆయన వైపు తిప్పి విన్నది. "లేదు సార్. నా చెల్లెలికి తల బాగలేదు. బెంగళూర్లో చూపిస్తాండాం."

"అక్కా!" అంది నాగజ్యోతి.

అమృత ఆమె వైపు చూడలేదు. కిరణ్ ఫోను తీసి ఫోటో చూపించాడు. ఎస్సై నీలం మచ్చ చూసి, గంగాధరప్ప వైపు తిరిగాడు.

"ఏం పెద్దాయనా, నిజమేనా?"

గంగాధరప్ప చిన్నకూతురి వైపు చూశాడు. ఆమె కళ్లు తేటగా ఉన్నాయి. మాట తడబడలేదు, ఒళ్లు వణకలేదు. ఆ చూపు చూసి ఆయనకు ఒక క్షణం అనుమానం కలిగిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. కానీ పెద్దకూతురి కాపురం, స్టేషన్ బయట మూగుతున్న జనం, తన పేరు, ఇవన్నీ ఆ క్షణంలోనే ఆయన ముందు నిలబడ్డాయి.

"నిజమే సార్. నా బిడ్డకు మెదడుకు రక్తం పోదు. ఆ పిల్ల చెప్పేదేమీ నమ్మొద్దండి. మల్లా ఎప్పుడన్నా వచ్చినా నమ్మొద్దండి. కావాలంటే సంతకం చేసిస్తా."

సంతకం చేశాడు.

బయట కిరణ్ మరదలి తల మీద చెయ్యి వేసి నిమిరాడు. కొత్తగా మొలుస్తున్న జుట్టు అతని అరచేతికి గుచ్చుకుంది. "టైముకు మాత్రలు ఏసుకోవల్ల జ్యోతీ. నీకేమన్నా అయితే మీ అక్క తట్టుకోలేదు" అన్నాడు. ఆమెకు తప్ప ఆ మాటలో ఎవరికీ ఏమీ వినిపించలేదు.

వానలు మొదలయ్యాక ధర్మవరం నుంచి ఫోనొచ్చింది. అమృత బాత్రూంలో కాలు జారి పడిందనీ, తల పగిలిందనీ, ఆస్పత్రికి తీసుకుపోయేలోపే పోయిందనీ.

వీళ్లు పోయేసరికి శవం ఇంటికొచ్చేసి ఉంది. కిరణ్ గోడకేసి తల బాదుకుంటూ ఏడుస్తున్నాడు, ఇద్దరు పట్టుకుని ఆపుతున్నారు. నాగజ్యోతి శవం దగ్గరికి పోబోతే బంధువుల ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు. "ఆ పిల్లను దగ్గరికి రానీయొద్దండి, ఏమన్నా అంటాది" అని ఎవరో అన్నారు. చౌడక్క అనే మేనత్త ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకుని, పక్క గదిలోకి నెట్టి గొళ్లెం పెట్టింది. కిటికీలోంచి ఆమెకు అక్క పాదాలే కనపడ్డాయి. ఆమె అరవలేదు. అరిస్తే ఏమనుకుంటారో ఇప్పుడామెకు తెలుసు.

కడగడానికి నీలావతి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పోయారు. బ్లౌజు విప్పితే వీపు కనపడింది. మానిన మచ్చల మీద కొత్త మచ్చలు. భుజం దగ్గర ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని ఉంది. తొడ మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిన గుర్తు. ఆ ఇద్దరు ఆడవాళ్లు నీలావతి ముఖం చూశారు. నీలావతి గబగబా కొత్త చీర కప్పేసింది.

"పసుపు తెండి" అంది.

గంగాధరప్ప వంశంలో పూడ్చడమే గాని కాల్చే అలవాటు లేదు. కిరణ్ వైపువాళ్లూ పూడ్చేవాళ్లే. కానీ కిరణ్, "అమృతకు మన్ను అంటే భయం మామా. కట్టెల్లో పెడదాం" అని ఏడ్చాడు. గంగాధరప్ప సరేనన్నాడు. చీకటి పడకముందే అంతా అయిపోయింది.

నీలావతి మూడో దినం తర్వాత మొగుడికి చెప్పింది. షెడ్డులో పురుగులకు ఆకు వేస్తూ, ఆకు నమిలే చప్పుడు మధ్యలో, తల ఎత్తకుండా చెప్పింది. గంగాధరప్ప చేతిలోని ఆకు బుట్ట కింద పెట్టాడు.

"ఆ పొద్దే ఎందుకు చెప్పలేదే?"

"నలుగురిలో ఏమని చెప్పేది? పాప ఏం గావల్ల? నువ్వు మాత్రం చిన్నదాని మాట విన్యావా?"

ఆయన ఆమెను కొట్టాడు. ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి. ఆమె కిందపడి లేచి, మళ్లీ ఆకు వేసింది.

మర్నాడు ఆయన నాగజ్యోతిని వెంటబెట్టుకుని ధర్మవరం స్టేషనుకు పోయాడు. అదే ఎస్సై. గంగాధరప్ప చెప్పింది విన్నాడు.

"పోస్టుమార్టం చేయించినారా?"

"లేదు సార్."

"శవం?"

"కాల్చేసినాము."

"కడిగినవాళ్లు వచ్చి చెప్తారా?"

ఆ ఇద్దరు ఆడవాళ్లూ కిరణ్ వైపువాళ్లు. గంగాధరప్ప తల అడ్డంగా ఊపాడు. "నా భార్య చెప్తాది సార్. ఇదిగో, నా చిన్నబిడ్డ కండ్లారా చూసింది. అమృత తన నోటితో చెప్పిన మాట గూడా ఈ పిల్లకు తెలుసు."

ఎస్సై నాగజ్యోతి వైపు చూశాడు. ఆ చూపులో దురుసుతనం లేదు. జాలి ఉంది.

"పెద్దాయనా, ఈ పిల్ల చెప్పేది నమ్మొద్దని, మల్లా వచ్చినా నమ్మొద్దని మీరే రాసిచ్చినారు గదా. కేసు కడతా. నేను కట్టనని చెప్పను. కానీ కోర్టులో వాళ్ల లాయరు మొదట చూపించేది మీ సంతకమే. రెండోది ఆ స్కాన్. కడిగేటప్పుడు చూసి నోరు మూసుకున్న తల్లిని ఏమడుగుతాడో మీరే ఆలోచించండి."

"ఇప్పుడు స్కాన్ బాగొచ్చింది సార్" అంది నాగజ్యోతి. "రక్తం పోతాంది. మా డాక్టరు రాసిస్తారు."

"ఇప్పుడు పోతాందమ్మా. నువ్వు గృహప్రవేశంలో అరిచినప్పుడు పోలేదు గదా."

కేసు కట్టారు. అది నిలబడలేదు. కిరణ్ లాయరు ఆ ఫోటోను కాగితం మీద పెద్దగా అచ్చు వేయించి తెచ్చాడు. డాక్టరమ్మ బెంగళూరు నుంచి వచ్చి, స్కాన్ మాటల నిజానిజాలు తేల్చదని చెప్పింది. లాయరు ఒకే ప్రశ్న అడిగాడు. "ఈ జబ్బులో లేనివి ఉన్నట్టు కనపడతాయా, కనపడవా?" కనపడతాయని ఆమె చెప్పక తప్పలేదు. ఆ మాట చాలింది.

ఏడాది తిరక్కముందే కిరణ్ కదిరి నుంచి పిల్లను చేసుకున్నాడు. పెళ్లికి మునుపు నాగజ్యోతి ఆ ఇంటికి పోయి, ఆ పిల్ల తల్లిదండ్రులతో మాట్లాడింది. వాళ్లు కాఫీ ఇచ్చారు, పూర్తిగా విన్నారు. ఆమె గేటు దాటుతుండగా లోపల తల్లి, "అల్లుడు ముందే చెప్పినాడు, ఇట్లా వస్తాదని. ఫోటో గూడా చూపించినాడు" అనడం వినపడింది.

పాపను చూడడానికి ఒకసారి బడి దగ్గరికి పోయింది. పాప ఎదిగింది. ముఖమంతా అమృతే. "చిన్నా" అని పిలిస్తే తిరిగి చూసింది, గుర్తుపట్టింది. గుర్తుపట్టగానే టీచరు చీర వెనక దాక్కుంది.

"మా పిచ్చి చిన్నమ్మ. కరుస్తాదంట. మా నాయన చెప్పినాడు" అంది.

నాగజ్యోతి మళ్లీ అటు పోలేదు. కాలేజీవాళ్లు తిరిగి ఉద్యోగమివ్వలేదు. ఇంట్లోనే చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెబుదామనుకుంటే, ఆ వీధిలోకి ఎవరూ పిల్లల్ని పంపలేదు. తల్లి వండింది తింటుంది, తల్లితో మాట్లాడదు. నాయన అడిగినదానికి అవును, కాదు అంటుంది.

గంగాధరప్ప అరుగు మీద తగువులు తీర్చడం మానేశాడు. ఒకరోజు షెడ్డు దగ్గర ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నేను నిన్ను నమ్ముతాండా తల్లీ."

ఆమె తట్టల్లో పురుగుల్ని సర్దుతూనే ఉంది.

"నువ్వు నమ్మితే ఇప్పుడు ఎవురికి పనికొస్తాది నాయనా?"

"నన్ను రెండు మాటలు తిట్టు. కొట్టు. నా మనసులో బరువు కొంచెం తగ్గుతాది."

"అందుకే తిట్టను" అంది.

ఆయన తోటలోకి పోయాడు.

అయినా బెంగళూరుకు తీసుకుపోయేది ఆయనే. హిందూపురం దాకా బస్సు, అక్కడ రైలు. ఎదురెదురుగా కూర్చుంటారు. ఆయన కిటికీ తలుపు ఎండకు దించుతాడు, ఎండ ఆమెకు పడదని. ఆమె వద్దనదు, థ్యాంక్సూ చెప్పదు.

మొన్న పోయినప్పుడు మళ్లీ స్కాన్ తీశారు. పసుపు, ఎరుపు నిండుగా ఉన్నాయి. నీలం లేదు. పాత డాక్టరమ్మ వేరే ఊరికి పోయింది, కొత్తగా కుర్ర డాక్టరు వచ్చాడు. రిపోర్టు చూసి ముఖం వెలిగింది.

"చాలా బాగుందమ్మా. ఇంత బాగా కోలుకున్న కేసులు తక్కువ చూస్తాం. నిద్ర పడుతోందా?"

"పడ్తాంది సార్."

"గొంతులేమైనా?"

"లేవు సార్."

"జ్ఞాపకశక్తి ఎట్లా ఉంది? పాత విషయాలు మర్చిపోవడం ఏమైనా?"

గంగాధరప్ప కూతురి ముఖం చూడలేక, గోడ మీది క్యాలెండరు చూశాడు.

"లేదు సార్. అన్నీ గుర్తుండాయి."

"వెరీ గుడ్" అని డాక్టరు మాత్రలు తగ్గించి రాశాడు.